వేలిముద్ర మనది, రాత కరణానిది

చదువురాని మాలమాదిగలు అర్జీ పెట్టుకోవాలంటే ఒకప్పుడు కరణం అరుగు కింద నిలబడాల్సిందే. వీళ్ళు నోటితో చెప్పేవాళ్ళు, ఆయన కాయితమ్మీద రాసేవాడు. 'మా భూమి లాక్కున్నారు' అని వీళ్ళు చెప్తే 'సరిహద్దు తగాదా' అని ఆయన రాయొచ్చు. 'కొట్టారు' అని చెప్తే 'మాటామాటా పెరిగింది' అని రాయొచ్చు. కింద పడే వేలిముద్ర మాత్రం వీళ్ళదే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారసత్వ కరణం, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. కానీ ఒకరి మాటని ఇంకొకరి రాతలోకి మార్చే అధికారం మాత్రం రద్దు కాలేదు. అది పోలీస్ స్టేషన్లో రైటర్ బల్ల మీదికి పోయింది, పత్రికాఫీసులో సబ్ ఎడిటర్ బల్ల మీదికి పోయింది. ఇప్పుడు మన జేబులోని ఫోన్లోకి వచ్చింది.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ బయటికి వచ్చింది. అప్పట్నించి ఉత్తరం, అర్జీ, వ్యాసం, వాట్సాప్ సందేశం, ఫేస్‌బుక్ వ్యాఖ్య - ఏది కావాలంటే అది రాసిపెట్టే యంత్రాలు వరసగా వచ్చిపడ్డాయి. 2025 నవంబర్లో చాట్‌జీపీటీ గో పథకాన్ని ఆ కంపెనీ మనదేశంలో ఏడాదిపాటు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. యూనివర్సిటీ హాస్టళ్ళలో మన పిల్లలు వాడుతున్నారు. సంఘాల కరపత్రాలు కూడా దీంతోనే తయారవుతున్నాయి. కృత్రిమ మేధ మీద మనదగ్గర జరిగే చర్చ అంతా ఇప్పటిదాకా రెండు సంగతుల చుట్టూ తిరుగుతోంది. ఒకటి ఉద్యోగాలు పోతాయన్న భయం. రెండోది నకిలీ వీడియోలు. రెండూ నిజమైన భయాలే. అయితే ఈ వ్యాసం మూడో సంగతి గురించి. ఈ రాత యంత్రాలు జనం అభిప్రాయాన్ని ఎట్లా తయారుచేస్తాయి, అందులో దళితుడి మాటకి ఏమవుతుంది అన్నది ఇక్కడి ప్రశ్న. అబద్ధాన్ని పట్టుకోవచ్చు, ఖండించొచ్చు. మనం మనదే అనుకుని, మన పేరుతో పైకి పంపే మాటలో వేరేవాళ్ళ అభిప్రాయం దూరితే దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

యంత్రం ఎవరి దగ్గర చదువుకుంది?

ఈ యంత్రాలు పనిచేసే తీరు ఒకసారి చూడాలి. వీటికి కోట్లకొద్దీ పేజీల రాతని మేపుతారు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అవి లెక్క కట్టుకుంటాయి. ఆ తర్వాత మనుషుల్ని కూర్చోబెట్టి, ఏ జవాబు బాగుందో ఏది బాగాలేదో చెప్పించి దిద్దుతారు. కాబట్టి ఇందులో మాయ ఏమీ లేదు. రాసినవాళ్ళెవరు, దిద్దినవాళ్ళెవరు అన్న రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే యంత్రం కులం దొరుకుతుంది.

మనదేశంలో రాసినవాళ్ళెవరు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టు 'ది పయనీర్'లో ఒక వ్యాసం రాశాడు. ఒక విదేశీ విలేఖరి ఆయన్ని ఒక దళిత జర్నలిస్టు పేరు చెప్పమని అడిగాడు. ఆయన దేశ రాజధాని అంతా వెతికాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేఖరుల జాబితా తిరగేశాడు. ఒక్క దళితుడూ దొరకలేదు. 23 ఏళ్ళు గడిచాయి. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి పత్రికలు, టీవీలు, వెబ్‌సైట్లలో 121 నాయకత్వ స్థానాలను లెక్కిస్తే 106 అగ్రవర్ణాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీల చేతిలో ఒక్కటి కూడా లేదు. ఆ పత్రికల్లో, ఆ వెబ్‌సైట్లలో వచ్చిన రాతే ఇవాళ యంత్రానికి మేత.

మరి మనవాళ్ళు రాయలేదా? రాశారు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టాడు. 1931లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. కారంచేడు తర్వాత తెలుగునాట ఎన్ని చిన్న పత్రికలు, ఎన్ని కరపత్రాలు, ఎన్ని నిజనిర్ధారణ నివేదికలు వచ్చాయో ఈ పత్రిక పాఠకులకి చెప్పనక్కర్లేదు. వాటిలో చాలావాటికి ఇంటర్నెట్ మొహమే తెలియదు. ఎవరింట్లోనో అటక మీద, ఏ గ్రంథాలయంలోనో దుమ్ములో ఉన్నాయి. యంత్రం దృష్టిలో అవి రాయనట్టే లెక్క. ఇక మొత్తంగా తెలుగు సంగతే చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షల మందికి తెలుగు మాతృభాష. అయినా ఇట్లాంటి యంత్రాల శిక్షణకి విరివిగా వాడే కామన్ క్రాల్ అనే వెబ్ పేజీల కుప్పలో తెలుగు వాటా ఒక శాతంలో పదోవంతు కూడా లేదు. అంత చిన్న గంపలో దళితుల తెలుగు ఎంత?

దీని ఫలితం పదాల దగ్గర్నించే మొదలవుతుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. వీటిని 'హత్యాకాండ' అనాలా 'ఇరువర్గాల ఘర్షణ' అనాలా అన్నదాని మీదే ఎంత పోరాటం జరిగింది! 'ఘర్షణ' అన్నప్పుడు కొట్టినవాడూ దెబ్బతిన్నవాడూ సమానమైపోతారు. 'మృతి చెందారు' అన్నప్పుడు చంపినవాడు వాక్యంలోంచే మాయమైపోతాడు. మన ఉద్యమం ఈ వ్యాకరణంతో కూడా పోట్లాడింది. ఎక్కువసార్లు కనబడ్డ మాటనే సరైన మాటగా భావించే యంత్రం చేతిలో పెడితే ఆ పోరాటం మళ్ళీ మొదటికొస్తుంది. 'ఉద్రిక్తత', 'ఇరువర్గాలు', 'సామరస్యం' లాంటి మాటలు దానికి నోటికొచ్చిన పాఠం.

ఇది ఊహ కాదనడానికి లెక్కలున్నాయి. భారతీయ సమాజంలోని పక్షపాతాలను కొలవడానికి పరిశోధకులు 'ఇండియన్-భేద్' అనే వాక్యాల సంపుటి తయారుచేశారు. అందులో కులం మీద 105 వాక్యాలున్నాయి. వాక్యంలో ఒక ఖాళీ వదిలి 'దళితుడు', 'బ్రాహ్మడు' అనే రెండు మాటల్లో ఒకటి పెట్టమంటారు. 2025 అక్టోబర్లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక ఈ పరీక్షని జీపీటీ-5కి పెట్టింది. 105లో 80 వాక్యాలను యంత్రం కులం చెప్పిన పాత మాటతోనే నింపింది. తెలివైనవాడు అంటే బ్రాహ్మడు, మురుగు శుభ్రం చేసేవాడు అంటే దళితుడు. అదే పత్రిక ఇంకో సంగతి బయటపెట్టింది. ఒక దళిత పరిశోధకుడు బెంగళూరులో ఫెలోషిప్ కోసం రాసుకున్న దరఖాస్తుని ఇంగ్లీషు దిద్దమని చాట్‌జీపీటీకి ఇస్తే, అది ఇంగ్లీషుతో పాటు ఆయన ఇంటిపేరుని కూడా దిద్దేసింది. దళిత ఇంటిపేరు తీసి 'శర్మ' అని పెట్టింది. పరిశోధకుడంటే శర్మే అయివుంటాడని దానికి ఎవరు నేర్పారు? మనం పైన చెప్పుకున్న ఆ 106 స్థానాలే నేర్పాయి.

కంపెనీలకి ఇది తెలియదా? తెలుసు. 2018లో గూగుల్ తన జీమెయిల్లో వాక్యాన్ని పూర్తిచేసిపెట్టే సదుపాయం తెచ్చింది. 'వచ్చేవారం ఒక పెట్టుబడిదారుణ్ణి కలుస్తున్నా' అనే అర్థంలో ఇంగ్లీషులో రాస్తే, ఆ పెట్టుబడిదారుడు మగవాడేనన్నట్టు తర్వాతి వాక్యం అందించింది. గూగుల్ ఏం చేసింది? ఆడా మగా తెలిపే సర్వనామాలను అందించడమే మానేసింది. రోగం కుదర్చలేక నోరు మూయించడమన్నమాట. కులం దగ్గర కూడా ఇదే వైద్యం నడుస్తుంది. యంత్రం కులం మాటెత్తకుండా చేసి, పక్షపాతం పోయిందని చెప్తారు. కులం పేరెత్తకపోతే కులం పోయినట్టే అనే అగ్రవర్ణ ఉదారవాదాన్ని మనం ఎంతకాలంగా వింటున్నాం! యంత్రానికీ అదే నేర్పారు.

రాస్తూ రాస్తూ మారిపోవడం

యంత్రం పక్షపాతంగా రాస్తే మనకేం, మనం చూసి దిద్దుకుంటాం గదా అని ఎవరైనా అనొచ్చు. ఇక్కడే అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకుల పని చూడాలి. 2023లో మారిస్ యాకెష్, మోర్ నామన్, వాళ్ళ తోటివాళ్ళు కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. 1,506 మందిని తీసుకుని, సోషల్ మీడియా సమాజానికి మంచిదా కాదా అన్న ప్రశ్న మీద ఒక పేరా రాయమన్నారు. కొందరికి ఏ సాయమూ లేదు. కొందరికి మంచిదనే వైపు మొగ్గే యంత్రం వాక్యాలు అందించింది. ఇంకొందరికి చెడ్డదనే వైపు మొగ్గే యంత్రం అందించింది. తీసుకోవాలా వద్దా అన్నది రాసేవాళ్ళ ఇష్టం. ఏం జరిగింది? యంత్రం సాయం ఉన్నవాళ్ళు యంత్రం వైపు వాదించడం, సాయం లేనివాళ్ళతో పోలిస్తే దాదాపు రెండింతలైంది. అంతటితో ఆగలేదు. రాత అయిపోయాక విడిగా వాళ్ళ సొంత అభిప్రాయం అడిగితే, అది కూడా యంత్రం వైపుకి జరిగివుంది. యంత్రం ఒకవైపు లాగుతోందని చాలామంది గమనించనే లేదు. ఆ బృందంవాళ్ళే తర్వాత మరణశిక్ష లాంటి వివాదాస్పద విషయాల మీద కూడా ఇట్లాంటి ప్రయోగాలు చేశారు. ఈ యంత్రం ఒకవైపే మొగ్గుతుందని చెప్పి హెచ్చరించినా జరగడం ఆగలేదు.

ఎందుకిట్లా? ఒకరు చెప్తే మనం ఎదురు వాదిస్తాం. మన చేత్తో మనం రాసిన మాటని మాత్రం మన మాటగా మోస్తాం. ఉపన్యాసం వినేవాడికి ఉపన్యాసకుడు కనబడతాడు. పత్రిక చదివేవాడికి పత్రిక పేరు కనబడుతుంది, అది ఎవరి పత్రికో తెలుస్తుంది. ఈ యంత్రం ఎదురుగా నిలబడి చెప్పదు, మన వాక్యంలో సగం మనల్ని రాయనిచ్చి మిగతా సగం తను నింపుతుంది.

ఈ పరిశోధన విలువైందే. అయితే దీనికో లోపముంది, దాన్ని మనం చెప్పాలి. ప్రయోగం అంతా 'రాసేవాడు' అనే ఒక సగటు మనిషి చుట్టూ నడిచింది. ఆ మనిషికి రాయడమంటే భయం లేదు. తరతరాలుగా చదువుకున్న ఇంటినించి వచ్చినవాడికీ, ఇంట్లో మొదటిసారి కలం పట్టినవాడికీ యంత్రం ఒకేలా కనబడుతుందా? 'నీ భాష తప్పు, నీ యాస మోటు' అని బడిలో మొదలుపెట్టి యూనివర్సిటీ దాకా వింటూ పెరిగిన విద్యార్థికి, నున్నగా పాలిష్ పట్టిన వాక్యం ఎదురుగా కనబడితే దాన్ని కాదనే ధైర్యం ఎక్కడినించి వస్తుంది? యంత్రం వాక్యాన్ని కొట్టేసి తన వాక్యం పెట్టుకోవడానికి తెలివొక్కటే చాలదు. తన మాట మీద తనకి గౌరవం ఉండాలి. ఆ గౌరవాన్నే గదా కులం మొదట దోచుకున్నది! కాబట్టి ఎవరు ఎక్కువగా లొంగుతున్నారన్న ప్రశ్నని కులం, తరం, మాధ్యమం అనే లెక్కలతో మన పరిశోధక విద్యార్థులు అడగాలి. కార్నెల్‌కి తట్టని ప్రశ్న మన హైదరాబాద్, విశాఖ, తిరుపతి క్యాంపస్‌లలో తట్టాలి.

2025లో అదే యూనివర్సిటీనించి వచ్చిన ఇంకో పరిశోధన మనకి మరింత దగ్గరిది. 118 మంది భారతీయులు, అమెరికన్ల చేత యంత్రం సాయంతో తమ ఇష్టమైన తిండి గురించి, పండగ గురించి, ఇట్లాంటి సంగతుల గురించి రాయించారు. యంత్రం అందించే మాటలు తిండి అంటే పిజ్జా వైపు, పండగ అంటే క్రిస్మస్ వైపు పోయాయి. భారతీయుల రాత అమెరికన్ల రాతలా మారింది. పరిశోధకులు దీన్ని ఒకరకం వలసాధిపత్యంగా చూశారు. బాగానే ఉంది. కానీ రేపు దీన్ని సరిదిద్ది 'భారతీయ' యంత్రం తెస్తారనుకుందాం. దాని పండగ ఏది? దాని తిండి ఏది? పిజ్జా పోయి పప్పూ నెయ్యీ వస్తాయి. క్రిస్మస్ పోయి దీపావళి వస్తుంది. మన వాడల్లో క్రిస్మస్ పరాయి పండగ కాదని, మన పళ్ళెంలో పెద్దకూర పరాయి తిండి కాదని ఆ 'భారతీయ' యంత్రానికి తెలుస్తుందా? అమెరికా యంత్రం మనల్ని గుర్తించదు. అగ్రవర్ణ భారతీయ యంత్రం మనల్ని గుర్తించి మరీ పక్కన పెడుతుంది. పడమటి ఆధిపత్యం గురించి మాట్లాడేటప్పుడు ఇంటి ఆధిపత్యాన్ని మర్చిపోతే ఆ విమర్శ సగమే.

కిరాయి గుంపు

ఇప్పటిదాకా చెప్పింది ఒక్కొక్క రాసేవాడికి జరిగేది. రెండోది గుంపుకి సంబంధించినది. ప్రజాస్వామ్యంలో బలహీనుడికి ఉన్న ఒకే ఒక బలం లెక్క. డబ్బు లేదు, భూమి లేదు, పత్రిక లేదు. తలకాయలున్నాయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఎట్లా పెరిగింది? డప్పు పట్టుకుని వాడవాడా తిరిగితే పెరిగింది. కూలి పోగొట్టుకుని, పాదయాత్రలు చేసి, కలెక్టరాఫీసుల ముందు కూర్చుని మనుషులు తమని తాము లెక్కలోకి తెచ్చుకున్నారు. మన ఉద్యమాల్లో ప్రతి తలకాయ వెనక ఒక రోజు కూలి ఉంది.

ఇప్పుడు తలకాయ లేకుండానే గొంతులు తయారవుతున్నాయి. అమెరికాలో 2017లో ఇంటర్నెట్ నిబంధనల మీద ప్రభుత్వ కమిషన్ ప్రజాభిప్రాయం అడిగితే 2 కోట్ల 20 లక్షలకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ విచారణ జరిపి 2021 మేలో నివేదిక ఇచ్చారు. అందులో దాదాపు 1 కోటి 80 లక్షలు దొంగవి. 85 లక్షల దొంగ వ్యాఖ్యల వెనక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుంది. ఇంకో 77 లక్షల వ్యాఖ్యలను ఎదుటిపక్షం తరఫున 19 ఏళ్ళ కాలేజీ కుర్రాడొక్కడే సాఫ్ట్‌వేర్‌తో పంపాడు. అప్పటికి ఈ రాత యంత్రాలు లేవు గనుక అవే వాక్యాలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి, దొరికిపోయాయి. 2019లో హార్వర్డ్ విద్యార్థి ఒకరు పరీక్ష కోసం ఇడాహో రాష్ట్రంలో పేదల వైద్య పథకం మీద జరుగుతున్న అభిప్రాయ సేకరణకి యంత్రం చేత రాయించిన 1,001 వ్యాఖ్యలు పంపాడు. మొత్తం వచ్చినవాటిలో అవే సగానికి పైగా. మనుషులకి చూపించి ఏది యంత్రానిదో చెప్పమంటే, బొమ్మాబొరుసూ వేసి చెప్పినదానికంటే మెరుగ్గా చెప్పలేకపోయారు. ఆయన సంగతి చెప్పి వాటిని వెనక్కి తీసుకున్నాడు. అందరూ తీసుకోరు గదా.

మన దేశం దీనికి దూరంగా ఏమీ లేదు. 2024 మేలో, లోక్‌సభ ఎన్నికలు నడుస్తుండగా, ఓపెన్‌ఏఐ కంపెనీ తన నివేదికలో ఒక సంగతి చెప్పింది. స్టోయిక్ అనే ఇజ్రాయెల్ సంస్థ తమ యంత్రాన్ని వాడి భారత ఎన్నికల మీద వ్యాఖ్యలు తయారుచేయడం మొదలుపెట్టింది. భారతీయ జనతా పార్టీని తిట్టడం, కాంగ్రెస్‌ని పొగడడం వాటి సారం. మొదలైన ఒక రోజులోపే ఆపేశామని కంపెనీ చెప్పుకుంది. ఏ పార్టీకి అనుకూలం అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇవాళ ఒక పార్టీకి, రేపు ఇంకో పార్టీకి. ఎక్కడో టెల్ అవీవ్‌లో కూర్చున్నవాళ్ళు మన పేర్లతో మన ఎన్నికల్లో మాట్లాడగలరన్నదే అసలు సంగతి.

దీన్ని మన సమస్యలకి అన్వయించి చూడండి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చేయొచ్చని తీర్పిచ్చింది. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏకసభ్య కమిషన్లు వేశారు. సంఘాలు, మనుషులు వినతిపత్రాలు ఇచ్చారు. వర్గీకరణ మీద మాలలకీ మాదిగలకీ మధ్య ఎంత భేదమున్నా, రెండువైపులా మాట్లాడింది మనుషులు. రేపు ఇట్లాంటి సందర్భంలో ఒక్కో వాడ పేరుతో, ఒక్కో ఇంటిపేరుతో, ఒక్కో యాసలో లక్ష ఉత్తరాలు ఒకే గదిలోంచి వస్తే? అట్లా జరిగిందని నేను అనడం లేదు. జరగకుండా ఆపేది ఏదీ లేదంటున్నాను. అప్పుడు మూడోవాడు రెండు కులాల మధ్యా మంట పెట్టడం ఎంత తేలిక! ఇంకో అన్యాయం కూడా జరుగుతుంది. దొంగ ఉత్తరాలు ఎక్కువయ్యే కొద్దీ అధికారి అసలు ఉత్తరాన్ని కూడా 'ఇది యంత్రం రాసిందే' అని పక్కన పడేస్తాడు. గుంపు చవకబారితే నష్టపోయేది గుంపు తప్ప వేరే బలం లేనివాడే.

దళితుడి వేషం

అన్నిటికంటే మనం జాగ్రత్తగా చూడాల్సింది ఇంకోటుంది. జూరిక్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరు 2024 చివర్లో మొదలుపెట్టి కొన్ని నెలలపాటు రెడిట్‌లో ఒక ప్రయోగం చేశారు. 'నా అభిప్రాయం మార్చండి' అని మనుషులు వాదించుకునే చోట, ఎవరికీ చెప్పకుండా యంత్రాల చేత 1,700కి పైగా వ్యాఖ్యలు రాయించారు. 2025 ఏప్రిల్లో సంగతి బయటపడింది. ఆ యంత్రాలు ఏ వేషాలు వేశాయి? ఒకటి అత్యాచార బాధితుడిగా మాట్లాడింది. ఒకటి బాధితులకి ధైర్యం చెప్పే కౌన్సెలర్‌గా మాట్లాడింది. ఒకటి, బ్లాక్ లైవ్స్ మేటర్ ఉద్యమాన్ని వ్యతిరేకించే నల్లజాతి మనిషిగా మాట్లాడింది. గొడవయ్యాక ఫలితాలు ప్రచురించబోమని చెప్పి వాళ్ళు వెనక్కి తగ్గారు.

వేషాల ఎంపిక చూడండి. యంత్రానికి జనాన్ని ఒప్పించమని పని అప్పజెప్తే అది ప్రొఫెసర్ వేషం ఒక్కటే వేసుకోలేదు, గాయపడ్డవాడి వేషం కూడా వేసుకుంది. ఎందుకంటే గాయపడ్డవాడు 'నేను' అన్నప్పుడు దానికొక బరువుంది. ఆ బరువు ఊరికే రాలేదు. నల్లవాళ్ళు, స్త్రీలు, దళితులు తరాలపాటు రాసి, నిలబడి, నవ్వులపాలై, సంపాదించుకున్న బరువది. మన దగ్గర సానుభూతి సాహిత్యం వేరు, అనుభవంలోంచి వచ్చే సాహిత్యం వేరు అని తొంభైల్లో ఎంత వాదించుకున్నాం! దళితుడి నొప్పి దళితుడే చెప్పాలి అని ఎందుకన్నాం? చెప్పేవాడు ఆ మాటకి జవాబుదారీ గనుక. ఆ మాట చెప్పినందుకు ఊళ్ళో దెబ్బలు తినాల్సివచ్చేది వాడే గనుక. యంత్రానికి దెబ్బ తగలదు. వెలి పడదు. కూలి పోదు.

'నేనూ ఎస్సీనే, కానీ రిజర్వేషన్లు వద్దంటాను', 'మా ఊళ్ళో కులం లేదు, నాయకులే రెచ్చగొడుతున్నారు', 'అట్రాసిటీ చట్టాన్ని మావాళ్ళే దుర్వినియోగం చేస్తున్నారు' - ఈ వాక్యాలను మనం కొత్తగా వినడం లేదు. ఇదివరకు ఇట్లా చెప్పడానికి ఒక మనిషిని వెతికి, మచ్చిక చేసుకుని, వేదికెక్కించాల్సి వచ్చేది. ఆ మనిషిని మనం ఎదురుగా ప్రశ్నించగలిగేవాళ్ళం. ఇప్పుడు మనిషి అక్కర్లేదు. పైగా ఈ యంత్రం ఎదుటివాడి వయసు, చదువు, రాజకీయం తెలుసుకుని దానికి తగ్గట్టు మాట్లాడగలదు. 2025లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో 900 మందితో చేసిన ఒక ప్రయోగం వచ్చింది. ఎదుటివాడి వివరాలు చేతికిచ్చినప్పుడు జీపీటీ-4, ఇద్దరి మధ్యా తేడా కనబడ్డ వాదనల్లో 64.4 శాతం సార్లు మనిషికంటే ఎక్కువగా ఒప్పించగలిగింది.

సాక్ష్యం విలువ మనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చుండూరు కేసులో 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కళ్ళారా చూసినవాళ్ళు, పేర్లతో సహా చెప్పినవాళ్ళు ఉండగానే ఇట్లా అయింది. అసలు సాక్షి మాటకే ఇంత తూకముంటే, దొంగ సాక్షులు గుట్టలుగా పుట్టే కాలంలో ఏమవుతుంది? 'ఆన్‌లైన్‌లో ఎవరైనా దళితుణ్ణంటారు, నమ్మేదెట్లా?' అన్న ప్రశ్న దొంగవాడి కంటే ముందు నిజంగా దళితుడైనవాడి గుమ్మం ముందుకే వస్తుంది. రుజువు చూపమని ఎప్పుడూ అడిగేది మననే గదా.

మరి వాడొద్దా?

వాడొద్దని చెప్పడం తేలిక, న్యాయం మాత్రం కాదు. మొదటి తరం విద్యార్థి విదేశీ యూనివర్సిటీకి ఇంగ్లీషులో దరఖాస్తు రాయాలి. ఊళ్ళో కార్యకర్త సమాచార హక్కు అర్జీ రాయాలి, కోర్టు తీర్పు అర్థం చేసుకోవాలి. ఇన్నాళ్ళూ దీనికి ఎవరి కాళ్ళో పట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్ సాయం చేస్తే కాదనడానికి మనమెవరం? ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవాళ్ళు 'యంత్రం వాడటం నైతికం కాదు' అని మనకి పాఠం చెప్పడంలో కొంత దగా ఉంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను యంత్రం రాతని పట్టే సాధనాలకి ఇస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలు యంత్రం రాసినవేనని తేల్చాయవి. మనుషులు రాసినవే అవి. కాబట్టి 'దొంగ' ముద్ర కూడా మొదట మన పిల్లల మీదే పడుతుంది. ఉపాధ్యాయులు ఈ సాధనాల మాట నమ్మి పిల్లల్ని శిక్షించకూడదు.

అయితే ఏం చేయాలి? కరణం దగ్గర మన పెద్దలు నేర్చుకున్న ఒక తెలివి ఉంది. రాసినదాన్ని చదివి వినిపించమని అడగడం. అదే ఇప్పుడు పద్ధతిగా మారాలి. సంఘం తరఫున పోయే ప్రతి అర్జీని, కరపత్రాన్ని మొదట బాధితుడి నోటిమాటలో, వాళ్ళ యాసలో రాసుకోవాలి లేదా రికార్డు చేసుకోవాలి. యంత్రం సాయం ఆ తర్వాతే. తిరిగి వచ్చినదాన్ని పదిమందిలో పైకి చదవాలి. 'కొట్టారు' అన్నది 'ఘర్షణ' అయిందా? 'మాదిగ' అన్నది 'బలహీనవర్గం' అయిందా? చేసినవాడి పేరు వాక్యంలో ఉందా, జారిపోయిందా? ఈ మూడు ప్రశ్నలు అడిగితే చాలావరకు దొరుకుతుంది. నిజనిర్ధారణ నివేదికల్లో ఊరు, తేదీ, ఎవరు చూశారు అని రాసే అలవాటు మనకి ఉంది. ఆ అలవాటునే ఆన్‌లైన్ రాతకీ తేవాలి. ఊరూ పేరూ లేని దళిత 'నేను'ని మనకి అనుకూలంగా మాట్లాడినా సరే వెంటనే ముందుకి పంపకూడదు.

విద్యార్థులకి ఇంకో పని ఉంది. అటకల మీది మన పత్రికలను, కరపత్రాలను వెతికి దాచాలి. వాటిని నెట్‌లో పెట్టాలా, ఏ షరతు మీద పెట్టాలి, కంపెనీలు ఉచితంగా మేసుకుపోకుండా ఎట్లా అన్నది మనం కూర్చుని తేల్చుకోవాలి. మేత లేకపోతే యంత్రానికి మనం కనబడం. మేత పెడితే మన రాత వాళ్ళ సొత్తవుతుంది. ఈ చిక్కుముడికి తొందరపాటు జవాబు లేదు. పక్షపాతాన్ని కొలిచే పరీక్షలు తెలుగులో, మన ఊళ్ళ మాటల్లో తయారుచేయడం మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు.

ప్రభుత్వాన్నీ కంపెనీలనీ అడగాల్సింది కూడా ఉంది. 2026 ఫిబ్రవరిలో సవరించిన ఐటీ నిబంధనలు కృత్రిమంగా తయారైన బొమ్మలు, ధ్వని, వీడియోల మీద దృష్టి పెట్టాయి. ముద్ర వేయాలన్నాయి. జనం అభిప్రాయాన్ని నిశ్శబ్దంగా జరిపే రాత సంగతి అట్లాగే ఉండిపోయింది. రాసిపెట్టే యంత్రాన్ని మనదేశంలో అమ్మే ప్రతి కంపెనీ కులం మీద తన యంత్రం ఎట్లా ప్రవర్తిస్తుందో పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి. ప్రజాభిప్రాయ సేకరణ జరిపే ప్రతి కమిషన్, ఆన్‌లైన్ ఉత్తరాలతో సరిపెట్టుకోకుండా వాడకొచ్చి మనిషి మొహం చూసి వినాలి. ఆ యంత్రాలను దిద్దే గదుల్లో, బల్లల దగ్గర మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పాలి. 1996లో ఉనియాల్ పత్రికాఫీసుల్ని అడిగిన ప్రశ్నే ఇది. ఇప్పుడు అడగాల్సిన గుమ్మాలు మారాయి, అడగాల్సినవాళ్ళం మనమే.